నూట పన్నెండో పేజీ తర్వాత

ప్రతి నెలా మొదటి సోమవారం రాజశేఖర్ ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చొని, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకునేవాడు. సంచిలో పుస్తకాలు చదివే మిషన్ ఉండేది. చూడటానికి బడిపిల్లల టిఫిన్ డబ్బా అంత. పైన వేలికి తగిలేట్టు ఉబ్బెత్తు బటన్లు. చూపు లేనివాళ్ల కోసం చేసిన మిషన్ అది. బటన్ నొక్కితే ఎవరో చదివిపెట్టిన పుస్తకం వినిపిస్తుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది, ఆగినచోటు గుర్తుపెట్టుకుంటుంది. నంద్యాల సంజీవనగర్‌లో ఒక విత్తనాల అంగడి మిద్దె మీద చిన్న గ్రంథాలయం ఉంది. అక్కడివాళ్లు వీటిని ఉచితంగా ఇస్తారు, నెలకోసారి తీసుకొచ్చి పుస్తకం మార్చుకోవాలి. ఉన్నవి పన్నెండు మిషన్లు. వాటికోసం కాచుకున్నవాళ్లు ముప్పైమంది.

గ్రంథాలయం చూసుకునే రంగనాథ్ అహోబిలం గుళ్లో పారాయణం చేసే ఇంట్లో పుట్టినవాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఎవరైనా మిషన్ తెస్తే మంచీచెడ్డా అడక్కముందే దాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకొని బరువు చూసేవాడు. విన్న పుస్తకం మిషన్‌కు బరువెక్కుతుందని అందరికీ తెలిసిందే. మనసుపెట్టి వింటే బాగా ఎక్కుతుంది, సగంలో నిద్రపోతే సగమే ఎక్కుతుంది. మిషన్ మీట నొక్కి, తాను పోయి పక్కింటి ఆమెతో కూరగాయల ధరలు మాట్లాడుకుంటే ఏమీ ఎక్కదు. పాత పుస్తకం తీసి కొత్తది పెడితే బరువు దిగిపోతుంది. దొర్నిపాడు నుంచి వచ్చే ఒక రిటైరయిన అయ్యవారు పద్దెనిమిది పర్వాలూ విన్నానని ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు. రంగనాథ్ మిషన్ చేతిలోకి తీసుకొని, "ఈక బరువు కూడా లేదే అయ్యవారూ" అన్నాడు. ఆ పెద్దమనిషి సిగ్గుతో రెండు నెలలు నంద్యాల ముఖం చూడలేదు.

మూడు నెలలు వరసగా బరువెక్కకుండా వస్తే ఆ మిషన్ కాచుకున్నవాళ్లలో ముందున్నవాళ్లకు పోతుంది. అది రంగనాథ్ పెట్టిన నియమం. వినేవాళ్లు లేనిచోట మిషన్ ఉండటం, దాహమైనవాణ్ణి పక్కన పెట్టి గోడకు నీళ్లు పోయడమే కదా.

రాజశేఖర్ తన భార్య ప్రమీల కోసం కార్తీకంలో తీసుకుపోయిన మిషన్, డిసెంబరు మొదటి సోమవారం ఎట్లా పోయిందో అట్లాగే తిరిగొచ్చింది.

ప్రమీలకు యాభై నిండలేదు. నీటికాసుల జబ్బు ఆమె చూపును పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. చివరికి మధ్యన బొట్టుబిళ్లంత మిగిలింది. అదీ పోతున్న నెలల్లోనే ఒక్కగానొక్క కూతురు భానుప్రియ పోయింది. నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకునే పిల్ల, పందొమ్మిదేళ్లు, ఐదు రోజుల జ్వరం. ఇంటి ముందర పడుకోబెట్టినప్పుడు ప్రమీలకు బిడ్డ ముఖంలో ముక్కు ఒకటే కనిపించింది. తక్కిందంతా పొగ. తల అటూ ఇటూ తిప్పి ముక్క ముక్కగా చూసుకుందామనుకుంటే, అంతలోకే పొద్దుపోతోందని పెద్దవాళ్లు తొందరపెట్టారు.

ఆ రోజు ఆమె ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. కంట్లో వేసుకున్న చుక్కలమందు చెంపల మీదికి కారితే, పలకరించడానికి వచ్చినవాళ్లు ఏడుస్తోందనుకొని వాళ్లంతట వాళ్లే ఓదార్చి పోయేవాళ్లు. ఆమె వద్దనలేదు. ఏడుపు రాకపోవడం ఆమెకు బాధగా కూడా లేదు. పొద్దున లేవడం, స్నానం, గోడ పట్టుకొని వంటింట్లోకి పోవడం, బియ్యం కడగడం. వేలు కాలితే కాలిందని కాసేపటికి తెలిసేది. వీధి చివర శిల్పాల షెడ్లలో పొద్దంతా ఉలిదెబ్బలు వినపడుతుంటాయి. ఆగినప్పుడు మధ్యాహ్నమయిందని, మళ్లీ మొదలైతే భోజనాలయ్యాయని ఆమెకు లెక్క. రోజుకు ఇంతకన్నా ఆకారం లేదు.

రాజశేఖర్ పొద్దున చేనికి పోయి, ఒంటిగంటకు అన్నానికి వచ్చి, రెండు గంటలకు మళ్లీ పోయేవాడు. మొగుడూ పెళ్లాల మధ్య నాలుగు మాటలు మిగిలాయి. అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా, కరెంటు పోయిందా, తలుపేసుకో. వీధి కొళాయి దగ్గర నీళ్లు పట్టుకోవడానికైనా ఇంతకన్నా ఎక్కువ మాటలు కావాలి. ఎవరిమీదా ఎవరికీ కోపం లేదని చూసినవాళ్లు అనుకునేవాళ్లు. అది నిజం కాదు. బిడ్డను సాగనంపి వచ్చిన రోజు రాజశేఖర్ ఇంట్లోకి రాకుండా నేరుగా గొడ్లపాకలోకి పోయాడు, నాలుగోరోజు పురుగుమందు డబ్బా తగిలించుకొని శనగచేనికి పోయాడు. ప్రమీల అది మర్చిపోలేదు. అడగనూ లేదు.

దసరాకు కోయిలకుంట్ల నుంచి ఆమె అన్న శ్రీనివాసులు వచ్చి, చెల్లెలు పొద్దంతా ఒంటరిగా కూర్చొని ఉండటం చూశాడు. అక్కడైతే వదిన ఉంది, మాట్లాడే మనుషులున్నారు, శనగ కోతలయినంక తనతో పాటు వచ్చి అక్కడే ఉండిపొమ్మన్నాడు. నాలుగు దినాలు కాదు, ఉండిపోవడమే. ప్రమీల, "సరేలే అన్నా, యాడుంటే ఏముంది" అంది. రాజశేఖర్ కంచంలో చెయ్యి పెట్టుకొని ఊరకున్నాడు. వద్దనలేదంటే పొమ్మనే కదా అని ఆమె అనుకుంది. పోతాననిందంటే తనతో ఉండటం ఇష్టం లేకనే కదా అని అతను అనుకున్నాడు. ఇద్దరు ఇట్లా ఊరకుంటే ఎప్పుడూ మూడోవాడి మాటే నెగ్గుతుంది. ఫిబ్రవరి మొదటి సోమవారానికి ప్రయాణం ఖాయమైంది.

మిషన్ మాత్రం ఇంట్లో పొద్దంతా పలుకుతూనే ఉండేది. రాజశేఖర్ పోతూ పోతూ బటన్ నొక్కి పోయేవాడు. రాజులు, యుద్ధాలు, ప్రేమలు, పెళ్లిళ్లు ఆమె చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలి రాలిపోయేవి. జనవరిలో మళ్లీ మిషన్ పట్టుకొని పోవాల్సిన రోజు పొద్దున్నే రాజశేఖర్ దాన్ని చేత్తో ఎత్తి చూశాడు. బరువు లేదు. వీధిలోకి పోయి, శిల్పాల షెడ్డు ముందర పడున్న రాతిపలుకుల్లో సన్నటిదొకటి ఏరుకొచ్చి, బ్యాటరీ మూత తీసి లోపల ఇరికించాడు. కాటాలో మోసం చేస్తున్నారని జీవితమంతా శనగల వ్యాపారులతో పోట్లాడిన మనిషికి ఆ వయసులో ఆ బుద్ధి పుట్టింది.

రంగనాథ్ మిషన్‌ను అరచేతుల్లో పెట్టుకొని అటూ ఇటూ ఒరిపి చూశాడు.

"రాజశేఖరప్పా, ఇది ఆళ్లగడ్డ రాయి."

"ఎట్ల తెలిసె స్వామీ?"

"రాయి ఒక పక్కకు ఒరుగుతాది. పుస్తకమైతే నడిమధ్యన కుదురుగా కూర్చుంటాది. నాకు మోసం చేసి నీకేమొస్తాదప్పా?"

రాజశేఖర్ బల్లమీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇది తీసేసుకుంటారేమోనని భయమయిందన్నాడు. ఆమె వినకపోయినా సరే ఉండనీమన్నాడు. "నేను సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆ గొంతు వీధిలోకి వినపడ్తాది స్వామీ. అది లేకుంటే నాకు లోపలికి పోబుద్ధి కాదు."

రంగనాథ్ రాయి తీసి బల్ల మీద పెట్టాడు. నియమం ప్రకారం ఇంకొక నెల గడువుంది. మోసం చేసినందుకు ఇప్పుడే తీసేసుకోవచ్చు కూడా, దొర్నిపాడులో రామయ్య అనే ఆయన ఏడాదిగా కాచుకొని ఉన్నాడు. అయినా ఆ ఒక్క నెలా ఉంచుకోమన్నాడు. ఏ పుస్తకం పెట్టాలా అని చాలాసేపు ఆలోచించి, అట్ట లేని ఒక పాత నవల ఎక్కించి ఇచ్చాడు. అట్టతో పాటే రాసినవాళ్ల పేరూ పోయింది. దాన్ని చదివింది అహోబిలంలో ఉండే వకుళమాల, రంగనాథ్‌కు వరసకు వదిన.

వకుళమాల పొద్దున మడిపనులు అయ్యాక గది తలుపు మూసుకొని పుస్తకాలు చదివి పంపేది. గొంతులో ఎక్కువ తక్కువలు ఉండవు. చావు దగ్గరా అదే గొంతు, పెళ్లి దగ్గరా అదే గొంతు. వెనకాల అప్పుడప్పుడు కోతులు రేకుల మీద దూకిన చప్పుడు. వాళ్ల ఇళ్లల్లో పారాయణంలో ఒక్క అక్షరం జారినా తప్పే, ఒక్క అక్షరం కలిపినా తప్పే. అందుకని పేజీ నంబర్లతో సహా చదివేది. చెద తిన్నచోట చెద తినిందని చెప్పేది.

మిషన్ తెచ్చిన నాలుగోరోజు మధ్యాహ్నం. రాజశేఖర్ అన్నం తిని పోయాడు. ప్రమీల గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మిషన్ పలుకుతోంది, ఆమె వినడం లేదు. ఉన్నట్టుండి అదే గొంతు, అదే తీరులో, "ఇక్కడ పదహారు పేజీలు లేవు. నూట పన్నెండు తర్వాత నూట ఇరవై తొమ్మిది" అని చెప్పి చదువుకుంటూ పోయింది.

ప్రమీల తల తిప్పింది. బిడ్డ పోయిన ఈ రెండేళ్లలో ఆమెతో ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట అదే. అందరూ దేవుడున్నాడన్నారు, కాలమే మరిపిస్తుందన్నారు, మళ్లీ పుడుతుందన్నారు. లేనిదాన్ని లేదు అని చెప్పినవాళ్లు లేరు. ఆమె చేత్తో తడిమి, వెనక్కి పోయే బటన్ కోసం వెతికింది. తన అంతట తాను ఆ మిషన్ మీద చెయ్యి వేయడం అదే మొదలు.

నూట పన్నెండో పేజీలో అంకమ్మ అనే ఆమెకు బిడ్డ చచ్చిపోయింది. అంకమ్మ గడప మీద కూర్చుంది. లేవలేదు. పేజీ అయిపోయింది. నూట ఇరవై తొమ్మిదో పేజీలో అదే అంకమ్మ తెల్లవారుజామున శనగచేనులో ఉంది. శనగాకు మీద పుట్టే పుల్లటి నీళ్లు, పులుసు, పట్టడానికి రాత్రి చెట్ల మీద పరిచిన గుడ్డ మంచుకు తడిస్తే, దాన్ని చెంబులోకి పిండుతోంది. పక్క చేను ఆమె ఆ పులుసు నాలుకకు రాసుకొని మొహం చిట్లిస్తే, అంకమ్మ నవ్వింది. కడుపు పట్టుకొని నవ్విందని రాసుంది.

ప్రమీల వెనక్కి తిప్పి మళ్లీ వింది. ఎన్నిసార్లు విన్నా గడప మీద కూర్చున్న మనిషి తర్వాతి మాటకు నవ్వుతోంది. ఆమెకు ఒళ్లు మండింది. మరుసటి రోజు పుస్తకం మొదటినుంచి పెట్టుకొని, మొత్తం వింది. మళ్లీ ఒకసారి వింది. ఎక్కడా జవాబు లేదు. చార్జింగు పెట్టడానికి మిషన్ ఎత్తిన రాజశేఖర్‌కు బరువు తెలిసింది. పైకి ఏమంటే ఏం చెడుతుందోనని ఏమీ అనలేదు.

ఆ రోజు అన్నం పెడుతూ ప్రమీల, "గడపమింద కూసున్న మనిషి చేనికి ఎట్ల పాయె?" అని అడిగింది. ఎవరి సంగతో అతనికి అర్థం కాలేదు. తనను తప్పుపడుతోందేమో అనుకొని, "నాకేం తెలుసు" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆమె రంగనాథ్‌కు ఫోన్ చేసి, నంబరు అడిగి వకుళమాలకు చేసింది. ఆ పదహారు పేజీలు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగింది. వకుళమాలకు కూడా ఆ పుస్తకం పాత పెట్టెలో దొరికిందే. ఇంకో ప్రతి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అంకమ్మ మనసు ఎట్లా మళ్లిందో మీకేమనిపించిందని ప్రమీల అడిగింది.

"నాకు అనిపించింది చెప్పకూడదమ్మా. పుస్తకంలో లేదు. లేదని మాత్రమే నేను చెప్పగలను" అంది వకుళమాల.

ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి చెప్పి ఫోను పెట్టేసేవాళ్లు. ప్రమీలకు ఆమె మీద గౌరవం కలిగింది. కోపం తగ్గలేదు.

మిషన్‌కు పక్కన గుంతలాంటి బటన్ ఒకటి ఉంది. దాన్ని నొక్కి పట్టుకుంటే మనం మాట్లాడింది పుస్తకంలో ఆ చోటే నిలుస్తుంది. వినేవాళ్లు ఏదైనా గుర్తు రాసుకోవడానికని పెట్టారు. ఎట్లా వాడాలో రంగనాథ్ ఫోనులో చెప్పాడు. ప్రమీల నూట పన్నెండో పేజీ చివర మిషన్‌ను ఆపి, ఉలిదెబ్బలు మళ్లీ మొదలయ్యేదాకా కాచుకొని, రాజశేఖర్ మోటారుసైకిల్ వీధి చివర మలుపు తిరిగిన చప్పుడు విని, బటన్ నొక్కింది.

"పేజీ నూట పదమూడు" అంది. వకుళమాల చెప్పినట్టే చెప్పింది. "అంకమ్మ ఆన్నే కూసోని ఉండాది. ఎవురో అన్నం తెచ్చినారు. చింతపండు చారు. ఉప్పు లేదు. ఉప్పు లేదని చెప్పల్లనుకొనింది. అంత జరిగినంక ఉప్పు గురించి మాట్లాడితే బాగుండదని ఊరకే తినింది."

ఆ రోజుకు అంతే. చెప్పడం అయ్యాక తన గొంతు గదిలో ఇంకా ఉన్నట్టనిపించి, అది పోయేదాకా కదలకుండా కూర్చుంది.

రోజుకొక పేజీ. నూట పదిహేడులో, బిడ్డ పోయిన ఇరవయ్యో రోజు కాలేజీవాళ్ల మెసేజీ వచ్చింది, మీ అమ్మాయి తరగతులకు రావడం లేదు, కారణం తెలుపగలరు అని. ఆ నవలలో అంకమ్మ ఊరికి బస్సే లేదు, ఇంక కాలేజీ ఎక్కడిది. ప్రమీల దాన్ని పట్టించుకోలేదు. నూట ఇరవై ఒకటిలో హాస్టలు నుంచి వచ్చిన ట్రంకుపెట్టె తెరిచారు. రైకకు ఒక హుక్కు ఊడిపోయి ఉంది. దీపావళికి వచ్చినప్పుడు కుట్టిపెట్టమని పిల్ల అడిగింది. సూదిలో దారం ఎక్కక అంకమ్మ రేపు, రేపు అని దాటేసింది. పిల్ల ఆ రైకను పిన్నుపెట్టుకొనే తొడుక్కున్నట్టుంది, పిన్ను దానికే ఉంది. ఈ పేజీ చెప్పేటప్పుడు కూడా ప్రమీల గొంతు మారలేదు. వకుళమాల గొంతు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

మిషన్ రోజురోజుకూ బరువెక్కుతోంది. మొదట కొబ్బరికాయంత ఉండేది, తర్వాత దాన్ని గోడ పక్క కట్టమీది నుంచి దించడానికి రెండు చేతులూ కావలసివచ్చింది. రాజశేఖర్ దానికోసం కింద ఒక పీట వేశాడు.

నూట ఇరవై ఏడో పేజీ చెప్పే రోజు ప్రమీల చాలాసేపు బటన్ మీద వేలు పెట్టుకొని కూర్చుంది.

"అంకమ్మ మొగుడు ఏడ్వలా" అంది. "మట్టిచేసి వచ్చినోడు వచ్చినట్టే గొడ్లకాడికి పాయె. గొడ్లకు నీళ్లు పెట్టను. అంతసేపా నీళ్లు పెట్టేది? నాలుగోదినం మందుకొట్టను పాయె. శనగలో పురుగుపడిందని. పురుగు పడింది తెలిసినంత కూడా బిడ్డ పోయింది తెలీదు ఈయప్పకు అనుకొనింది అంకమ్మ. అడగల్లనుకొనింది. అడిగితే ఏం చెప్తాడో అని బయపడి, రెండేండ్లు అడగలా."

మరుసటి రోజు, "పేజీ నూట ఇరవై ఎనిమిది" అంది. ఇంక మాట రాలేదు. అంకమ్మను గడప మీది నుంచి లేపి చేనిదాకా నడిపించాల్సిన పేజీ అది. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. అంకమ్మ లేవలేదు. నాలుగోరోజు ప్రమీల మిషన్‌ను ఆపేసి, కోయిలకుంట్లకు తీసుకుపోవాల్సిన చీరలు మడత పెట్టుకుంది.

ఫిబ్రవరి మొదటి సోమవారం ఇద్దరూ నంద్యాల బస్సెక్కారు. శ్రీనివాసులు పదకొండు గంటలకు నంద్యాల బస్టాండులో ఉంటానన్నాడు. మిషన్ గ్రంథాలయంలో ఇచ్చేసి, బట్టల బ్యాగుతో ప్రమీల అటునుంచి అటే కోయిలకుంట్ల బస్సెక్కాలి, రాజశేఖర్ ఆళ్లగడ్డ బస్సెక్కాలి. విత్తనాల అంగడి పక్క మెట్లెక్కేటప్పుడు రాజశేఖర్ ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకొని, మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు.

రంగనాథ్ మిషన్‌ను చేతుల్లోకి తీసుకోబోయి, తూలి, బల్ల మీద పెట్టుకొని దాని కింద రెండు అరచేతులూ జొనిపాడు. తర్వాత బ్యాటరీ మూత తీసి వేలితో లోపలంతా తడిమాడు. ఏమీ లేదు. ఏ పుస్తకమమ్మా ఇది అని అడిగాడు. మీరిచ్చిందే అని, లేని పేజీల్లో పదిహేను తానే చెప్పి నింపినానని, పదహారోది తన చేతకాలేదని ప్రమీల చెప్పింది. తప్పు చేసినట్టుంటే తీసేయమంది. తాను కోయిలకుంట్ల పోతున్నానని, ఇంక దీంతో పనిలేదని కూడా చెప్పింది.

రంగనాథ్ ఆ మాటలు పట్టించుకోకుండా అరచేతులు కొంచెం జరిపి మళ్లీ చూశాడు.

"ఇది ఇద్దరు విన్నారమ్మా" అన్నాడు.

"ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటా స్వామీ."

"ఒక్కరు వింటే బరువు నడిమధ్యన ఉంటాది. ఇది రెండు పక్కలా దిగుతాండాది. నువ్వు చెప్పింది నువ్వు విన్నావు, అదొకటి. ఇంకొకరు దూరం నుంచి విన్నారు. దూరం నుంచి విన్నా గట్టిగా విన్నారు. నీకంటే తక్కువేం లేదు."

పక్కన రాజశేఖర్ చెప్పులు నేలమీద రాసుకున్న చప్పుడయింది. ప్రమీల అటు తిరిగింది.

"నువ్వా?"

"నేనే."

"చేనికి పోతివి కదా."

"బండి మలుపుకాడ పెట్టి ఎనక్కి వచ్చేటోన్ని. గొడ్లపాక పక్క కిటికీ కాడ నిలబడేటోన్ని."

"ఎన్ని దినాలు?"

"మొదటిదినం నుంచి. ఊరికే, ఎవురితో మాట్లాడతాండావో అని వస్తి. ఆ మీదట రాకుండా ఉండలేకపోతి."

ఆమె నూట ఇరవై ఏడు కూడా విన్నావా అని అడిగింది. విన్నానన్నాడు. రంగనాథ్ మిషన్ మీది నుంచి చేతులు తీసి, కుర్చీ వెనక్కి జరుపుకొని, ఏదో వెతుకుతున్నట్టు అల్మారా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు గొడ్లు నీళ్లు తాగలా" అన్నాడు రాజశేఖర్. "తొట్లో మొగం పెట్టుకోని ఉంటి. బయట ఏడిస్తే నీకు యినపడ్తాది. నువ్వు ఏడ్వకుండా రాయి మాదిరి నిలబడుకోనుంటివి. నేను ఏడిస్తే నువ్వు పడిపోతావని."

కొంచెం ఆగి, "చేనికీ అందుకే పోతి" అన్నాడు. "ఆడ ఎవురుండరు. మందు కొట్టలా నేను. డబ్బా అట్లనే దించి గట్టుమింద కూసుంటి. ఆ ఏడు పంటంతా పురుగే తినె కదా ప్రమీలా. నీకు తెలుసు కదా."

ఆమెకు తెలుసు. ఆ ఏడు శనగ ఇంటికి రాలేదు. చుట్టుపక్కల అందరికీ పండి వాళ్లకే ఎందుకు పోయిందని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆమెకు మొదట జాలి కలగలేదు, కోపమే వచ్చింది. రెండేళ్లు ఒకే కప్పు కింద, ఒకే సట్టిలో వండుకొని తింటూ, ఆమె ఒక అబద్ధాన్ని నమ్ముకొని బతికింది. దాన్ని అతను ఒక్కమాటతో తీసేయగలిగి ఉండి తీసేయలేదు.

"ఆ మాట నాతో చెప్తే నీ నోరు అరిగిపోతాండ్యా?" అంది.

"నువ్వు అడిగింటే చెప్తాంటి."

"అడగల్లనా? అడిగితేనే చెప్తావా?"

ఆమెకు జవాబు అక్కర్లేదు. తానూ అడగలేదు కదా. భయపడి అడగలేదని తన నోటితోనే చెప్పింది, అతను కిటికీ అవతల నిలబడి విన్నాడు. ఇంక అతని దగ్గర దాచడానికి ఆమెకు ఏమీ లేదు. అది ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. తెలిసి, ఏం చేయాలో తోచక, బట్టల బ్యాగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

అంతలో ఆమె ఫోను మోగింది. శ్రీనివాసులు బస్టాండులో నిలబడి ఉన్నాడు, బస్సు పెట్టారు, సీటుకు తువ్వాలు వేసినాను, తొందరగా రమ్మంటున్నాడు.

"నువ్వు పో అన్నా" అంది ప్రమీల. "నేను రాను."

ఏమైందని అవతల అన్న అడుగుతున్నాడు. ఒంట్లో బాగలేదా, బావ ఏమైనా అన్నాడా అని.

"ఏమన్లా. ఒక పేజీ మిగిలిపోయింది. అది ఆయప్ప చెప్పల్ల" అంది.

శ్రీనివాసులుకు ముక్క అర్థం కాలేదు. చెల్లెలి గొంతు మాత్రం ఎప్పటిలా లేదు. సరేనని, సీటు మీద తువ్వాలు పక్కకు జరిపి కూర్చున్నాడు.

రంగనాథ్ అల్మారా దగ్గరనుంచి తిరిగొచ్చి, పూర్తికాని పుస్తకాన్ని ఇంకొకరికి ఇవ్వడం తమకు ఆనవాయితీ లేదన్నాడు. అయినంక తీసుకురమ్మన్నాడు. పొద్దున్నే ఎవరో తెచ్చిచ్చిన వేరే మిషన్ రామయ్యకు పంపుతానన్నాడు. ఆ పదహారో పేజీ చెప్పేటప్పుడు ముందు నంబరు చెప్పడం మర్చిపోవద్దని రాజశేఖర్‌కు గట్టిగా చెప్పాడు.

మెట్లు దిగేటప్పుడు సంచిని ఒక్కడే మోయలేకపోయాడు. ప్రమీల ఒక పిడి పట్టుకుంది. ఆళ్లగడ్డ బస్సులో కండక్టర్ ఆ సంచిని పైకి పెడదామని ఎత్తబోయి, అబ్బా అని వదిలేసి, కింద పెట్టుకోమన్నాడు. కింద పెడితే కుదుపుకు పాడవుతుందని రాజశేఖర్ ఒళ్లోకి తీసుకున్నాడు. సగం ఇటు పెట్టమంది ప్రమీల. సంచి అతని కుడితొడ మీద సగం, ఆమె ఎడమతొడ మీద సగం ఉంది. బస్సు కదిలింది.

శిరివెళ్ల దాటాక ప్రమీలకు ఎడమకాలిలో ఏదో మొదలైంది. మొదట అరికాలు, తర్వాత పిక్క, తర్వాత మోకాలు. సూదులతో పొడిచినట్టు. ఏమిటో ఆమెకు వెంటనే తెలియలేదు. రెండేళ్లుగా ఒంట్లో ఏదీ నేనున్నానని ఇట్లా చెప్పింది లేదు. వేళ్లు కదిలించి చూసింది. ఇంకా ఎక్కువయింది.

"కాలు తిమ్మిరెక్కింది" అంది.

రాజశేఖర్ సంచిని తన వైపు లాక్కోబోయాడు. ఆమె దానిమీద చెయ్యి వేసి పట్టుకుంది.

"ఉండనీ" అంది.